తేలికుప్పు

1వ రోజు

పొద్దున్న పడవలో ఉప్పు దిగింది. ఉప్పు పండించే ఊరికి బయటి నుంచి ఉప్పు రావడం చూసి, రేవులో ఉన్న ఉప్పుమళ్ళ కూలీలు పగలబడి నవ్వారు.

"రేపు సముద్రానికి నీళ్ళు కూడా పడవలోనే తెత్తారేటి వొదినా?" అన్నాడు మా మరిది ఢిల్లేసు. అతను మళ్ళ మేస్త్రీ. అతను నవ్వితే అందరూ నవ్వుతారు.

నేను సంచులు లెక్క చూసి సంతకం పెట్టాను. సంచుల మీద నీలం అక్షరాలతో "తేలికుప్పు" అని ఉంది. మామూలు ఉప్పులో సగం తీసేసి, దాని బదులు రక్తపోటు పెంచని వేరే లవణం కలిపారట. మెరక మీద పట్టణాల్లో రెండేళ్ళు వాడి చూశారనీ, పక్షవాతాలు సగానికి సగం తగ్గాయనీ డాక్టరు వరూధిని గారు శిక్షణలో మాకు చెప్పారు.

నా పేరు ఊర్మిళ. వయసు నలభై మూడు. ఈ గట్టు మీద మూడో వరసకు మార్పు కార్యకర్తను. అంటే జబ్బు చేశాక మందివ్వడం కాదు, జబ్బు రాకుండా మనుషుల అలవాట్లు మార్చడం నా పని. నా కింద నూట పన్నెండు ఇళ్ళున్నాయి. ఆఫీసుకు నేను పంపే నివేదికలో ఇంటికి రెండే గడులు: మారారు, మారలేదు. ఆ రెండింటిలో పట్టని సంగతులు రాసుకుందామని ఈ పుస్తకం మొదలుపెట్టాను. ఉప్పు దిగిన రోజు నుంచి రోజులు లెక్కపెడతాను.

4వ రోజు

సముద్రం పాత ఊళ్ళను మింగాక మట్టి పోసి, రాళ్ళు పేర్చి ఎత్తు చేసిన నేల ఈ గట్టు. నాలుగు వేల మూడు వందల మందిమి ఉంటున్నాం. చుట్టూ ఉప్పుమళ్ళు. మా ఉప్పు బ్యాటరీల కార్ఖానాలకు పోతుంది. ఆ బ్యాటరీలే లేకపోతే మెరక మీద పట్టణాలూ ఉండవు, మా చల్లశాలలూ ఉండవు. తెల్లవారుజామున మళ్ళలోకి దిగినవాళ్ళు తొమ్మిదింటి కూత వినగానే పరుగెత్తి చల్లశాలలోకి రావాలి. ఆ తరవాత బయట అరగంట ఉంటే మనిషి దక్కడు.

ఈ రోజు చల్లశాలలో కొత్త ఉప్పు వేసిన గంజి పోశారు. మొదటి గుక్కకే గోల.

"సేదు!"

"పడవోళ్ళు బూడిద కలిపీసినార్రా."

ఢిల్లేసు లేచి నిలబడి అందరికీ వినపడేలా అన్నాడు. "మనం పండించిన ఉప్పు మనం తినకూడదా? ఇదెక్కడి నాయం వొదినా?"

కొందరు నన్ను "ఉప్పమ్మ" అని పిలవడం మొదలుపెట్టారు. ఉప్పు లాక్కుపోయే అమ్మ అని.

లాక్కోవడం ఎలాగూ నా వల్ల కాదు. గుమ్మం దిగితే తెల్లటి కొండల్లా ఉప్పు పోసి ఉండే ఊరు ఇది. ఇక్కడ ఉప్పును నిషేధించలేం. ఎదుటి మనిషికి నా మాట మీద నమ్మకం కలిగితే మానతాడు, లేకపోతే లేదు. నా చేతిలో ఉన్నది అదొక్కటే.

19వ రోజు

ఇన్నాళ్ళూ ఢిల్లేసు ఇంటికి వెళ్ళకుండా తప్పించుకున్నాను. ఈ రోజు వెళ్ళాను.

అతని భార్య దాలమ్మ, నా తోడికోడలు, నన్ను అక్క అనే అర్థంలో "అప్పా" అని పిలుస్తుంది. మనిషి బక్కపలచగా ఉంటుంది. పద్నాలుగో ఏట నుంచీ మళ్ళలోనే పని. వాళ్ళకు ఏడేళ్ళ కూతురు. నేను వెళ్ళేసరికి ఢిల్లేసు ఎండు సావిడాయ చేపల పులుసు ముందేసుకుని కూర్చున్నాడు. మణికట్టు మీద పట్టీ ఎర్రగా వెలుగుతోంది. ఈ పట్టీలు గట్టు మీద అందరికీ ఉంటాయి. రక్తపోటునూ నాడినీ చూసి, పచ్చ, పసుపు, ఎరుపు రంగులు చూపిస్తాయి. అతనిది నూట డెబ్భై ఎనిమిది.

"ఉపన్యాసం ఇవ్వడానికొచ్చినావేటి?" అన్నాడు.

"లేదు. మీ అన్నియ్య గురించి మాటాడదామని వొచ్చినాను."

అతని చెయ్యి కంచంలోనే ఆగింది.

నా భర్త తాతారావు ముప్పై తొమ్మిదో ఏట మడిలో ఉప్పు లాగుతూ లాగుతూ పడిపోయాడు. ఎడమ పక్క చచ్చుబడింది, మాట పోయింది. మూడేళ్ళు మంచం మీద ఉన్నాడు. ఆ మూడేళ్ళూ రోజూ పొద్దున్నే వచ్చి, అన్నను చంటిపిల్లాడిలా ఎత్తి స్నానానికి మోసుకెళ్ళింది ఢిల్లేసే. ఒక్కరోజు కూడా మానలేదు.

"ఆయన్ని నువ్వు ఎత్తీవోడివి," అన్నాను. "నువ్వు పడితే నిన్నెవులు ఎత్తుతారు? దాలమ్మ ఎత్తగలదా? ఏడేళ్ళ గుంట ఎత్తగలదా?"

దాలమ్మ గోడకు చేరబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను లేచి వచ్చేశాను. ఇంటికి వచ్చాక నాకే సిగ్గేసింది. చనిపోయిన మనిషిని తీసుకెళ్ళి బతికున్నవాడి కంచంలో పెట్టినట్టు అనిపించింది.

20వ రోజు

తెల్లారేసరికి ఢిల్లేసు నా గుమ్మంలో ఉన్నాడు. చేతిలో ఇంటి ఉప్పుజాడీ. దాన్ని నా కాళ్ళ దగ్గర పెట్టి, పనిలోకి వెళ్ళిపోయాడు.

63వ రోజు

మూడో వరసలో తొంభై నాలుగు ఇళ్ళు మారాయి. నా గొప్ప కాదు. ఢిల్లేసు చల్లశాలలో బల్లెక్కి, "నా అన్న ఎలా పోనాడో మీకందరికీ తెలుసు" అని మొదలుపెడితే ఎదురు చెప్పేవాళ్ళు లేరు. ఎండుచేపను రెండు నీళ్ళలో నానబెట్టి ఉప్పు దించడం దాలమ్మ ఆడవాళ్ళకు నేర్పుతోంది. చింతపండు కాస్త ఎక్కువ వేస్తే చేదు తెలియదని కనిపెట్టింది కూడా ఆమే. కొబ్బరినీళ్ళు తాగండి, అరటిపళ్ళు, ఆకుకూరలు తినండి అని నేను ఇంటింటికీ చెబుతున్నాను. అవీ రక్తపోటును దించుతాయని శిక్షణలో చెప్పారు.

ఢిల్లేసు పట్టీ పసుపు దాటి పచ్చకు వచ్చింది. నూట ముప్పై రెండు. చెయ్యి చాపి అందరికీ చూపిస్తున్నాడు.

97వ రోజు

ఈ నెల గట్టు మొత్తం మీద పక్షవాతం ఒక్కరికీ రాలేదు. ఒక్కరికీ. తాతారావు ఫొటో ముందు కాసేపు కూర్చున్నాను.

118వ రోజు

జోగులు పోయాడు. యాభై రెండేళ్ళు. తూము దగ్గర నీళ్ళు కట్టి, గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. పక్కన ఉన్నవాళ్ళు కునికిపాట్లు పడుతున్నాడనుకున్నారట. చివరిదాకా పట్టీ పచ్చగానే ఉంది. వడదెబ్బ అని రాశారు. నేనూ అలాగే రాశాను. ఈ ఏడు ఎండలు అలా ఉన్నాయి.

131వ రోజు

పారమ్మ. నలభై ఎనిమిది. గంజి వరసలో నిలబడి ముందున్న మనిషితో మాట్లాడుతూ ఒరిగిపోయింది. చల్లశాల లోపలే. అక్కడ ఎండ లేదు.

ఆమె పట్టీని నేనే విప్పాను. దాంట్లో చివరి లెక్క నూట ఇరవై నాలుగు, పచ్చ. నాడి మాత్రం నెమ్మదిగా ఉంది. నాడి నెమ్మదిగా ఉంటే "శాంతమైన గుండె" అని పట్టీ మెచ్చుకుంటుంది. వారం రోజులుగా ఆమెను మెచ్చుకుంటూనే ఉంది.

139వ రోజు

ఇంకొకరు. నలభై నాలుగేళ్ళ కామేసు. వారం నుంచీ కాళ్ళు బరువుగా ఉన్నాయనీ, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయనీ నాతో అన్నాడు. కొబ్బరినీళ్ళు తాగు, తగ్గుతుంది అన్నాను.

ముగ్గురి ఇళ్ళకూ మళ్ళీ వెళ్ళాను. మూడిళ్ళలోనూ నెలకు ఇచ్చే తేలికుప్పు ముందే అయిపోయింది. మూడిళ్ళలోనూ పాత ఉప్పుగల్లు ఒక్కటి లేదు. నా నివేదికలో ముగ్గురి పేర్ల పక్కనా "పూర్తిగా మారారు" అని నా చేత్తోనే రాసి ఉంది.

దొంగచాటుగా పాత ఉప్పు తింటున్న పద్దెనిమిది ఇళ్ళలో ఎవరూ చావలేదు.

146వ రోజు

డాక్టరు వరూధిని గారి దగ్గరకు వెళ్ళి ఈ లెక్క చూపించాను. మిగతా వరసల్లోనూ ఇలా పోయినవాళ్ళు మరో ముగ్గురున్నారట. ఆరుగురి పేర్లూ ఒక కాగితం మీద రాసుకున్నారు. ఒక్కొక్కరూ ఎన్నేళ్ళు మళ్ళలో పనిచేశారో నన్ను అడిగారు. చెప్పాను. పదిహేడు, ఇరవై రెండు, ముప్పై... ఆమె కలం కింద పెట్టారు.

"కిడ్నీలు," అన్నారు. "ఈ ఉప్పులో కలిపిన లవణం బాగున్నవాళ్ళకు మేలే చేస్తుంది ఊర్మిళా. ఎక్కువైనదాన్ని కిడ్నీలు బయటికి పంపేస్తాయి. కిడ్నీలు పాడైతే అది నెత్తుటిలోనే పేరుకుపోతుంది. ఒక హద్దు దాటాక గుండె ఆగిపోతుంది. నొప్పి కూడా తెలియదు. కొబ్బరినీళ్ళు, అరటిపళ్ళు కూడా అదే పని చేస్తాయి."

"వీళ్ళ కిడ్నీలు పాడయ్యాయని మనకెలా తెలుస్తుంది?"

"పట్టీకి తెలియదు. నెత్తురు పరీక్ష చెయ్యాలి. పట్టణంలో ఈ ఉప్పును వాడి చూసింది చల్లటి గదుల్లో పనిచేసేవాళ్ళ మీద. పాతికేళ్ళు ఎండలో, చాలీచాలని నీళ్ళతో మడిలో నిలబడ్డవాళ్ళ కిడ్నీలు ఎలా ఉంటాయని మనం అడగలేదు. నేను అడగాల్సింది."

అయితే ఈ పూటే అందరికీ చెప్పేద్దాం అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపారు.

"పోయినేడు పక్షవాతాలు ముప్పై ఒకటి. ఈ ఏడు ఇప్పటికి నాలుగు. ఇప్పుడు చెబితే ఏమవుతుందో నీకు తెలుసు. బాగున్నవాళ్ళు కూడా పాత ఉప్పుకే పోతారు, ఇక మనం ఏం చెప్పినా వినరు. నాకు ఇరవై రోజులియ్యి. మళ్ళలో పనిచేసేవాళ్ళకు ఈ ఉప్పు ఆపమని పైఅధికారులకు రాస్తాను. వారానికి అరవైమందికి పరీక్ష చేయిస్తాను. ఎవరు మానాలో వాళ్ళకు విడిగా చెబుదాం. అంతవరకూ ఎవరితోనూ అనకు."

"మా మరిది ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళుగా మళ్ళలోనే."

"మొదటి అరవైలో రాస్తాను."

నేను సరే అన్నాను. ఆమె చెప్పినదాంట్లో నాకు తప్పు కనిపించలేదు. ఆ ముప్పై ఒక్కరిలో ప్రతి ఒక్కరి వెనకా ఒక తాతారావు కనిపించాడు.

147వ రోజు

ఉండబట్టలేక ఢిల్లేసు ఇంటికి వెళ్ళాను. దాలమ్మ గోంగూర వండుతోంది. అతను కొబ్బరిబోండం కొడుతున్నాడు.

"ఢిల్లేసూ, రెండు వారాలు ఈ ఉప్పు ఆపీ. అసలు ఉప్పే లేకుండా తిను. ఆ బోండాలు కూడా వొద్దు."

"ఎందుకు?"

"నాను సెప్తన్నాను కదా."

అతను నా ముఖంలోకి చూసి నవ్వాడు. "పరీచ్చ పెడతన్నావేటి వొదినా? ఢిల్లేసు మళ్ళీ పాత ఉప్పుకి పోతాడేమోనని సూత్తన్నావు. నీకు మాటిచ్చినాను. నానెల్లను."

"అది కాదు..."

"మరేటి?"

నోటి దాకా వచ్చింది. ఒక్క వాక్యం. నువ్వు తింటున్నది నిన్ను చంపవచ్చు. అది చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ అతనికి చెబితే ఆ సాయంత్రానికి మళ్ళన్నిటికీ తెలిసిపోతుందని నాకు తెలుసు. ఢిల్లేసు కడుపులో మాట దాచుకునే మనిషి కాదు. డాక్టరు గారు అడిగిన ఇరవై రోజుల్లో అప్పటికి ఒక్కటే గడిచింది.

"ఏటీ లేదు. నెత్తురు పరీచ్చకి పేరు రాసినారు. అదయ్యేదాకా ఉప్పు తక్కువ తిను."

"నూట ఇరవై ఆరు," అంటూ పట్టీ చూపించాడు. "నాకింకేటి పరీచ్చ?"

దాలమ్మకైనా చెప్పి ఉండాల్సింది. వచ్చేటప్పుడు ఆమె నా చేతిలో గోంగూర గిన్నె పెట్టింది.

152వ రోజు

అరవైమంది నెత్తురూ తీశాను. ఢిల్లేసుది కూడా. సీసాలు పడవలో పట్టణానికి వెళ్ళాయి. ఫలితాలు రావడానికి అయిదు రోజులు పడుతుందట.

"రెండ్రోజుల్నించీ కాళ్ళు ఈడ్సుకుపోతన్నాయి," అన్నాడు, నేను దూది అదుముతుంటే.

"పనిలోకి ఎల్లకు."

"మేస్త్రీనే ఎల్లకపోతే ఎలా?"

నేను పరుగున డాక్టరు గారి దగ్గరకు వెళ్ళాను. ఆమె పడవ మీద పట్టణానికి వెళ్ళారు, పైఅధికారులను కలిసి త్వరపెట్టడానికి. ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు.

అక్కడి నుంచి ఢిల్లేసు దగ్గరకు తిరిగి వెళ్ళలేదు. ఈ వాక్యం రాయడానికి ఇంతసేపు పట్టింది. వెళ్ళగలిగేదాన్నే. డాక్టరు గారు వచ్చాక చూద్దామనుకున్నాను.

156వ రోజు

ఉదయం ఎనిమిదింపావుకు నాలుగో మడి దగ్గర నుంచి కేకలు వినిపించాయి. నేను చేరేసరికి ఢిల్లేసు ఉప్పు మీద వెల్లకిలా పడి ఉన్నాడు. ఎవరో నోట్లో నీళ్ళు పోశారు. అవి పక్క నుంచి కారిపోయాయి. అతని ఛాతీ మీద నా చేతుల్లో ఉన్న బలమంతా పెట్టి నొక్కాను. తొమ్మిదింటి కూత కూసింది. అందరూ చల్లశాలకు పరుగెత్తాలి. ఎవరూ కదల్లేదు. ఆరుగురు కలిసి అతన్ని ఉప్పు మోసే తడక మీద ఎత్తి లోపలికి తెచ్చారు.

దాలమ్మ ఏడవలేదు. అతని జుట్టులో ఇరుక్కున్న ఉప్పుగల్లులు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంది.

157వ రోజు

కాగితాలు వచ్చాయి. డాక్టరు గారే తెచ్చారు. అరవైమందిలో ఇరవై రెండు పేర్ల చుట్టూ ఎర్రసున్నా ఉంది. పదకొండో పేరు ఢిల్లేశ్వరరావు. కిడ్నీలు నాలుగో వంతు కూడా పనిచెయ్యడం లేదట.

ఆమె కుర్చీలో కూర్చుని చేతుల్లో ముఖం దాచుకున్నారు. నేను ఆమెను ఓదార్చలేదు, తిట్టలేదు.

"ఇంకా తొమ్మిది రోజులే ఊర్మిళా," అన్నారు చివరికి. "పైనుంచి ఉత్తర్వు వచ్చేస్తుంది."

నేను ఆ కాగితం తీసుకుని వచ్చేశాను.

158వ రోజు

గంజి వేళ చల్లశాలలో బల్లెక్కాను. ఢిల్లేసు ఎక్కే బల్ల అదే కావడంతో, నేను నోరు తెరవకముందే అందరూ మాటలు ఆపారు. అంతా చెప్పాను. ఈ ఉప్పు ఎవరికి మంచిదో, ఎవరికి విషమో, ఏడుగురు ఎందుకు పోయారో. ఎర్రసున్నా ఉన్న ఇరవై ఒక్క పేర్లూ చదివాను. వాళ్ళు ఏం తినకూడదో చెప్పాను. మిగతావాళ్ళు భయపడొద్దనీ, పరీక్ష అయ్యేదాకా ఏ ఉప్పయినా చిటికెడుకు మించవద్దనీ చెప్పాను. ఈ చివరి మాట ఎంతమందికి వినపడిందో తెలియదు.

దాలమ్మ వెనక గోడ దగ్గర నిలబడి ఉంది. నిన్ననే భర్తను దహనం చేసి వచ్చిన మనిషి. గొంతు పెంచలేదు.

"నీకెప్పుడు తెలిసిందప్పా?"

"పన్నెండు రోజులైంది."

ఆమె పెదవులు కదిలాయి. లెక్కపెడుతోంది. బోండం రోజు ఆ పన్నెండులో ఉందని ఆమెకు అర్థమైన క్షణం నేను చూశాను. కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళి, దూరంగా మరో మూల కూర్చుంది.

తరవాత గంజిగిన్నె ఒకటి నా భుజానికి తగిలింది. ఎవరు విసిరారో చూడలేదు.

171వ రోజు

తేలికుప్పు సంచులన్నీ రేవులో చించి నీళ్ళలో పారబోశారు. పట్టీలు విప్పి చల్లశాల ముందు కుప్పగా పోశారు. ఇళ్ళన్నిటా మళ్ళీ జాడీలు నిండాయి. పంతానికన్నట్టు రెండింతలు వేసుకుని తింటున్నారు. ఎర్రసున్నా ఉన్న ఇరవై ఒక్కరూ మాత్రం తేలికుప్పు మానారు. వాళ్ళలో ఇప్పటికి ఎవరూ పోలేదు.

నేను చెప్పిన అయిదో రోజున పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మళ్ళ కూలీల ఇళ్ళకు ఈ ఉప్పు ఆపాలట, అందరికీ పరీక్షలు చెయ్యాలట. డాక్టరు గారు అడిగినట్టే ఉంది. అయిదు రోజులు ఆగి ఉంటే చాలని నేను అనుకోను. కానీ ఆ అయిదు రోజుల గురించి రోజూ ఆలోచిస్తున్నాను.

వరూధిని గారిని బదిలీ చేశారు. రేవు దగ్గర కలిశాను.

"నువ్వు చెప్పడం తప్పని నేను అనను," అన్నారు. "ఢిల్లేసుకు ముందే చెప్పనివ్వకపోవడం నా తప్పు. కానీ ఊర్మిళా, రాబోయే రోజులు చూడు. అప్పుడు నా భయం ఏమిటో నీకు అర్థమవుతుంది."

"నాకు అప్పుడే అర్థమైందండీ. అందుకే నోరు మూసుకున్నాను."

పడవ కదిలేదాకా రేవులోనే నిలబడ్డాను.

204వ రోజు

అయిదో వరసలో నీలవేణి పడిపోయింది. ముప్పై ఏడేళ్ళు. మూతి ఒక పక్కకు లాగేసింది. ఆమెకు కిడ్నీలు బాగానే ఉన్నాయి. తేలికుప్పు ఆమెకు మంచే చేసేది.

230వ రోజు

పక్షవాతాలు ఈ నెల్లాళ్ళలో ఏడు.

నెత్తురు పరీక్షకు రమ్మని రోజూ వరసంతా తిరుగుతున్నాను. పరీక్ష చేయించుకుంటే ఎవరు ఏ ఉప్పు తినవచ్చో చెప్పగలం. మొదటి అరవైమంది కాక, నూట పన్నెండు ఇళ్ళలో ఇప్పటికి చెయ్యి చాపినవాళ్ళు తొమ్మిదిమంది.

"నిన్న ఒకటి సెప్పినావు, ఇయ్యాల ఇంకోటి సెప్తన్నావు. రేపేటి సెప్తావు?" అంది జోగులు భార్య, తలుపు సందులోంచి. ఆమె కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

ఇంటికి వచ్చి తాతారావు ఫొటోకు చెబుదామనుకుని, చెప్పలేకపోయాను. తమ్ముడు ఎలా పోయాడని అడిగితే ఏమని చెప్పను?

233వ రోజు

డెబ్భై అయిదు రోజుల తరవాత దాలమ్మ తలుపు తట్టాను. ఇన్నాళ్ళూ ఆ ఇంటిని దాటి పోతున్నాను.

తలుపు తీసింది. ఇంకా చిక్కిపోయింది. కూతురు లోపల పలక మీద ఏదో రాసుకుంటోంది. నన్ను చూసి, "పెద్దమ్మా" అని లేవబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయింది.

"సెప్పు," అంది దాలమ్మ.

"పరీచ్చ గురించి..."

"అది తరవాత. ముందు నానడిగింది సెప్పు. ఆ రోజు వొద్దన్నప్పుడు ఎందుకో కూడా సెప్పుంటే, ఆడు బతికీవోడేనా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. దారిలో దీనికి నాలుగు రకాల జవాబులు అనుకున్నాను. అవన్నీ పక్కన పెట్టాను.

"బతికీవోడనే అనుకుంతన్నాను. అప్పటికింకా తొమ్మిది రోజులున్నాయి. మానుంటే, వైద్యం సేయించుంటే, బతికీవోడు."

ఆమె నన్ను కొట్టినా ఊరుకునేదాన్ని. కొట్టలేదు. తలుపు వదిలి పక్కకు జరిగింది. లోపలికి వెళ్ళి కూర్చున్నాను.

"నానూ పద్నాలుగో ఏటినించి మడిలోనే ఉన్నాను," అంది. "నా కిడ్నీలు ఎలాగున్నాయో నీకు తెలుసా?"

"తెలీదు."

"బీపీ కూడా ఉంది నాకు. రెండూ పాడైతే ఏ ఉప్పు తినాలి?"

"అదీ నాకు తెలీదు దాలమ్మా. కొత్త డాక్టర్ని అడుగుతాను. ఆయనకీ తెలీకపోతే తెలీదనే నీకొచ్చి సెప్తాను."

తల ఊపింది. నేను తెరవకుండానే, సూదులున్న నా సంచి వైపు చూసింది.

"నిన్ను సెమించీసినానని కాదు."

"తెలుసు."

"ఈ గుంటకి నానొక్కర్తినే ఉన్నాను. అందుకని."

చీర కొంగు భుజం మీదికి లాక్కుని, నా ఎదురుగా చాప మీద కూర్చుని చెయ్యి చాపింది. ఎండకు నల్లబడిన, ఉప్పుకు తోలు పగిలిన చెయ్యి. నరం దొరకలేదు. రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. దాలమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.